చాహ్ అంటే

మా ఖ్మేర్‌లో ఆడవాళ్ళు "ఔను" అనాలంటే "చాహ్" అంటారు.
మగవాళ్ళకు వేరే మాట ఉంది.
చాహ్ అంటే పూర్తిగా ఔననీ కాదు.
నిద్రకళ్ళతో అమ్మమ్మ కథకు కొట్టే ఊ లాంటిది.
వింటున్నాను, ఇక్కడే ఉన్నాను,
కానీ, ఎలా కానిస్తావో కానీ.

నాకు రోజుకు నలభై డాలర్లు.
నోమ్ పెన్ శివార్లో, నాలుగో నంబరు షెడ్డు.
తనిఖీకొచ్చినాయన హెండ్రిక్, మంచి మర్యాదస్తుడు.
గుమ్మంలో బూట్లు విప్పబోతే
మేనేజరు నవ్వుతూ వద్దన్నాడు.

రాత్రి కడిగిన నేల ఇంకా ఆరలేదు.
కొత్త మాస్కుల మడతలు పోలేదు.
అత్యవసర ద్వారం బార్లా తెరిచి ఉంది.
దాని ముందు, నిన్నటిదాకా అట్టపెట్టెలు కూర్చున్న మేర
సిమెంటు రంగు వేరుగా ఉంది.
చూశాను.
నాకు డబ్బిచ్చేది చూసినందుకు కాదు.

ఆయనకు అన్నిటికన్నా నచ్చింది సూదుల పుస్తకం.
సూది విరిగితే లైను ఆగాల్సిందే.
మూడు ముక్కలైతే మూడూ దొరకాలి.
అయస్కాంతం పట్టుకుని, మోకాళ్ళ మీద పాకుతూ వెతుకుతారు.
దొరికినవి సూదిలాగే పేర్చి, టేపుతో అంటించి
తేదీ, టైము, మిషను నంబరు, పేరు రాస్తారు.
ఎక్కడో ఎవరి పసిబిడ్డ మెడకో గుచ్చుకుంటే?
నిజమే. గుచ్చుకోకూడదు.
"అద్భుతం" అన్నాడు హెండ్రిక్ పేజీలు తిప్పుతూ.
అద్భుతమట, అని చెప్పాను మేనేజరుతో.

జూన్ పదకొండు. అరవై రెండో మిషను.
సేంగ్ కున్నారీ. రెండు ముక్కలు.
జూలైలో అరవై రెండు దగ్గర ఇంకెవరిదో పేరు.

టీ తాగుతూ మేనేజరు గొణిగాడు:
"చొక్కాకు పద్నాలుగు సెంట్లు తగ్గించమని ఉత్తరం రాసిందీ
వీళ్ళ కంపెనీయే. వేరే అంతస్తు, అంతే."
అది మాత్రం అనువదించమనలేదు.

ఏసీ గదిలోకి ఆరుగురిని ఒక్కొక్కరినే పిలిచాడు.
చలికి చేతులు చంకల్లో దాచుకుని కూర్చున్నారు.

ఓవర్‌టైము మీ ఇష్టంతోనేనా?
చాహ్.
ఔనంటోంది, అన్నాను.
బాత్రూముకు ఎప్పుడంటే అప్పుడు వెళ్ళొచ్చా?
చాహ్.
ఔనంటోంది.
జీతం టైముకు వస్తోందా?
చాహ్! అంది ఒకామె, తల ఎత్తి.
పొద్దుటినుంచీ విన్నవాటిలో అదొక్కటే అసలైన ఔను.
ఫారంలో గొంతు రాయడానికి గడి లేదు.

నాలుగో మనిషి ఫల్లా.
ఆయన కాగితంలో లేని ప్రశ్న
ఎలా వచ్చిందో వచ్చింది నా నోట:
అరవై రెండు మీద అమ్మాయి ఏమైంది?

ఫల్లా తలుపువైపు చూసింది.
"ఎండ రోజు పడిపోయిందక్కా. మూడో నెల కడుపు.
కాంట్రాక్టు అయిపోయిందన్నారు.
దాని అన్నం డబ్బా ఇంకా మిషను కిందే ఉంది,
కడిగి పెట్టాను."

"ఏమంటోంది?" అన్నాడు హెండ్రిక్, పెన్ను ఎత్తి పట్టుకుని.

బల్ల కింద నా పాదం మీద ఆమె పాదం పడింది.
గట్టిగా తొక్కింది. తీయలేదు.

ఒక మనిషి ముక్కలు ఏరి
టేపుతో అంటించే పుస్తకం ఏదీ లేదు కదా ఈ షెడ్డులో.
ఉన్నా, చివర్న రాసేది ఫల్లా పేరే.

"అన్నం గురించి," అన్నాను.
"బాగానే ఉంటుందట."
పెన్ను కదిలింది. పాదం లేచింది.
ఎవరం ఎవరిని కాపాడామో ఇప్పటికీ తెలీదు నాకు.

సాయంత్రం వ్యానులో తిరిగొస్తుంటే
మా ముందొక లారీ, నిండా నిలబడ్డ ఆడవాళ్ళు,
ఒకే తాడు పట్టుకుని అందరూ ఒకేసారి ఊగుతున్నారు.
వాళ్ళలో ఫల్లా ఉందేమోనని వెతకలేదు.
హెండ్రిక్ కళ్ళజోడు తుడుచుకుంటూ
"ఇవాళ అంతా సరిగ్గానే జరిగింది కదూ?" అన్నాడు.

చాహ్, అన్నాను.
దానికి అనువాదం అడగలేదాయన.