ఏడు

హెరీజూ టాక్సీ ఎక్కలేక ఎక్కలేక
అంబనిదియా ఎగుడులో సగానికే ఆగింది.
నలుగురం తోసుకొచ్చాం షెడ్డు దాకా.
రెనో ఫోర్, నాకంటే పదకొండేళ్లు పెద్దది,
మీగడ రంగు, ఒక తలుపు మాత్రం వేరే బండిది.
డ్రైవరు కాళ్ల దగ్గర సీసాలో పెట్రోలు.
ట్యాంకు నింపగలిగినవాడు ఈ ఊళ్లో టాక్సీ తోలడు.

"నీళ్లు పోస్తూనే ఉన్నా, తాగేస్తూనే ఉంది" అన్నాడు,
మూత మీద చెయ్యేస్తూ.
ఆగు, అన్నాను.
కాగుతున్నప్పుడు ఎవరి మూతా తియ్యకూడదు.

చల్లారేదాకా కూర్చున్నాం.
అన్నం మాడులో కాచిన నీళ్లు చెరో గ్లాసు.
అతను టైర్ల ధరలు చెబుతున్నాడు, సగమే విన్నాను.
డిప్‌స్టిక్ తీసి చూస్తే నూనె నల్లగానే ఉంది,
మజ్జిగ కాలేదు.
బతికాం. హెడ్ దాకా పోలేదు.

వాటర్ పంపుకి అడుగున చిన్న రంధ్రం ఉంటుంది.
లోపల సీలు అరిగితే అందులోంచి బొట్టు పడుతుంది.
పడాలనే పెట్టారు.
కొత్తవాళ్లు చూసి కంగారుపడి
లప్పంతో మూసేస్తారు.
అప్పుడా నీళ్లు బేరింగులోకి దిగుతాయి.
రైనీసూవా దగ్గర చేరిన రోజు నేనూ మూయబోతే
చేతిమీద ఒక్కటిచ్చాడు:
"ఏడవనీ. ఏడ్చే చోటు తెలిస్తేనే కదా మనకి పని."

బోల్టులు విప్పి అట్టముక్కకి గుచ్చాను,
ఏది ఎక్కడిదో అక్కడే. పొడవులు వేరు.
చివరిది రాలేదు.
కొట్టాను, తిట్టాను, డీజిలు పోశాను,
విసిగి పక్క వ్యాను బ్రేకులు చూసుకుని వచ్చేసరికి
అలిగిన పిల్లలా
తనంతట తనే కదిలింది.

పంపు ఊడింది.
రెక్కలు, తిని వదిలేసిన చేప ముల్లు.
కొండమట్టి ఎరుపు లోపల కూడా.
గ్యాస్కెట్ మాత్రం ఇంజను ముఖానికి అతుక్కుపోయి
ఊడనంటే ఊడనంది.
బ్లేడు ఏటవాలుగా పట్టి గీకుతున్నాను.
గ్రీజు కింద గళ్లు కనిపించాయి.
గళ్లలో "భౌతికశాస్త్రం" అన్న మాటలో సగం.
దాని పక్కన, వెలిసిపోయిన ఎర్ర సిరాలో,
ఇరవైకి ఏడు.

ఆ ఏడు నాది.

బడి మానేసిన ఏడు అమ్మ కంటబడకుండా
మార్కుల అట్ట రైనీసూవా చేతిలో పెట్టి
ఎక్కడైనా దాచెయ్యి, అన్నాను.
అమ్మ పరుపు కూడా చింపి వెతికింది.
అది అప్పటికే అనలకేలి సంతలోంచి
మూటల్నీ కోళ్లనీ జనాన్నీ మోసుకుంటూ
పైకీ కిందికీ తిరుగుతోందన్నమాట,
ఒక పక్క వేడినీళ్లు, ఒక పక్క ఇనుము,
మధ్యన నా లెక్క తప్పిన జవాబులు.
అరిగింది సీలు. రెక్కలు. బేరింగు.
కాగితం దగ్గర చెమ్మ కూడా లేదు.

ఆ ముక్క దాచుకుందామనిపించింది.
కానీ వెంట్రుకంత మిగిలినా కొత్తది కూర్చోదు.
గీకేశాను.
గుడ్డతో తుడిచి, గోరుతో తడిమి చూసి, మళ్లీ గీకాను.

బిస్కెట్ల పెట్టె అట్ట కొత్త పంపు మీద పరిచి
గుండుసుత్తితో అంచు వెంబడి తట్టాను,
పసిపాప వీపు తట్టినంత మెల్లగా.
ఎక్కడ తెగాలో అక్కడే తెగింది.
బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా,
మూడు చుట్లలో.

ముల్లు సగానికొచ్చి నిలబడింది.
రంధ్రం కింద వేలు పెట్టాను. పొడి.
హెరీజూ సగం డబ్బులిచ్చి మిగతాది శనివారమన్నాడు,
దిగుడు రాగానే ఇంజను కట్టేసుకుని
చప్పుడు లేకుండా జారిపోయాడు.

గేటు దగ్గర రైనీసూవా
గోనె మీద పాత ప్లగ్గులు పేర్చుకుని కూర్చున్నాడు.
ఇప్పుడు చెవుడు.
వంగి గట్టిగా చెప్పాను: "ఏడు దొరికింది!"
"ఏ ఏడు?"
ఏడు వేళ్లు చూపించాను, మసివి.
కాసేపు వాటికేసే చూశాడు.
"కారిందా?"
"లేదు."
తలూపి, ఇంకో ప్లగ్గు తీసుకుని
బ్రష్షుతో తోమడం మొదలుపెట్టాడు.