ఎడమ పెడలు

అల్మాస్‌పేటలో నా అంగట్లో
పద్నాలుగు పంచర్లు వరసగా ఒరిగి ఉన్నపొద్దు
చౌడేశ్వరి వచ్చి నిలబడింది.
"దస్తగిరి మామా, సైకిల్ని ఇమానంలో పెట్టాల."

నలభై ఏండ్లాయ, సైకిల్ మీద ఏమేమి పెట్టగా సూడలేదు.
వడ్ల మూటలు, గ్యాసు బండలు,
ఒకే కడ్డీ మీద ముగ్గురు పిల్లోల్లు,
పెండ్లికి పోయే మేకపోతు.
సైకిల్నే ఎత్తి ఇంగోదాంట్లో పెట్టేది మాత్రం
ఇదే మొదులు.

గౌహతిలో పోటీలంట.
ఇప్పి పెట్టెలో సర్దాలంట.
ఇరవైమూడు కిలోలు దాటితే ఒప్పుకోరంట.
కొత్త సైకిళ్ళమ్మే శేటు
ఉత్త అట్టపెట్టెకు యాభై తీసుకున్న్యాడు.

ముందు చక్రం
పాలపన్ను మాదిరి ఊడొచ్చింది.
హ్యాండిలు పక్కకు తిప్పి ఫ్రేముకు ఆనించినా,
పండుకున్న మేక మెడ మడుచుకున్నట్టు.
గొలుసుకు నా పాత లుంగీ చుట్టినా.
రంగు గీసుకోకుండా
వాళ్ళ నాయన మగ్గం కాడ తెగిన పోగుల ఉండ
మూటగట్టి పంపినాడు. మెత్తగా అమిరింది.

కుడి పెడలు మామూలుగా వచ్చింది.
ఎడమది తిరగేసి ఇప్పాల.
ఇది తెలీక ఎంతమంది పిల్లోల్లు
పానా మీద ఎక్కి నిలబడి మరలు నాశనం చేసినారో.
లోకమంతా ఒక పక్కకు బిగుసుకుంటే
అది రెండోపక్కకు బిగుసుకుంటాది.
లేకుంటే తొక్కేకొద్దీ ఊడిపోతాది.
"నీకెవరు చెప్పినారు మామా?"
ఎవరూ చెప్పలేదు పాపా,
ఉస్తాదు పానాతో నెత్తిన మొట్టినపొద్దు తెలిసింది.

ఆఖర్న గాలి తీసేయమనింది.
రూపాయికి, రెండ్రూపాయలకి, ఊరికే
ఊరంతటికీ గాలి కొట్టి పంపిన చెయ్యి ఇది.
వాల్వు నొక్కితే సుయ్యిమని పోతా ఉండాది.
మొగం పక్కకు తిప్పుకున్న్యా.

ఉల్లిగడ్డల మండీలో కాటా మీద పెడితే
ఇరవైనాలుగున్నర.
పంపు తీసినా. పానాల డబ్బా తీసినా.
చక్రం సందులో వాళ్ళమ్మ దోపిన
నిప్పట్ల మూటా తీసినా.
చౌడేశ్వరి ఏమీ మాట్లాడకుండా
మూట మళ్ళీ లోపల పెట్టి
తన దుప్పటి బయటకు లాగింది.

ఆటోలో పెట్టె నిలబడింది,
నేను దాని కింద వంగి కూచున్న్యా.
గాజు తలుపు కాడ తుపాకీ పిల్లోడు
హిందీలో టికెట్టు అడిగినాడు.
వచ్చీరాని ఉర్దూలో
"దీని డాక్టర్ని" అన్న్యా.
నగినాడు గానీ లోపలికి ఇడ్సలేదు.
అద్దంలోనుంచి సూస్తాంటే
నల్లటి పట్టీ మీద పెట్టె
తలకిందులుగా పోయింది,
'ఈ వైపు పైకి' అని బాణం
నేల వైపు చూపిస్తా.

అంగడికొచ్చి బీడీ కోసం జేబులో చెయ్యి పెడితే
బోల్టు.
సీటు కింద బిగించే బోల్టు.
ఫోన్ చేస్తే పలకదు, ఆకాశంలో ఉండాది.
ఆ పొద్దు సంగటి ముద్ద ముద్దగానే మిగిలింది.

రాత్రి తొమ్మిదికి అదే చేసింది.
"మామా, ఎడమ పెడలు కూర్చోలేదు."
తిరగేసి పాపా. పానా వద్దు.
ముందు ఏళ్ళతో, దారం సూదిలోకి ఎక్కించినట్టు.
అవతల కాసేపు ఊపిరి మాత్రమే.
తర్వాత సన్నగా కిర్రుమనింది.
"పట్టింది మామా."

గాలి?
"మణిపూరు పిల్ల పంపు ఇచ్చింది.
పేరు చెప్పింది, నాకు నోరు తిరగలేదు.
నిప్పట్లు సగం అదే తినేసింది."

గొంతు సవరించుకుని బోల్టు సంగతి చెప్పినా.
"అదా! పొద్దుగూకక ముందే సూసినా.
నీళ్ళ సీసా పట్టీకి ఉన్న బోల్టు పీకి ఏసుకున్న్యా."
మరి నీళ్ళు?
"అరగంట పందెం మామా, నీళ్ళెందుకు."

ఎనిమిదో స్థానం వచ్చిందంటారు,
తొమ్మిదని వాళ్ళ నాయన అంటాడు.
ఆ బోల్టుకు దారం కట్టి
మేకుకు తగిలించినా.
పద్నాలుగు పంచర్లలో రెండు
ఇంకా అట్లే ఒరిగి ఉండాయి,
వాటి మనుషులు వచ్చి
తిట్టి పోతా ఉండారు.