పద్నాలుగు లీటర్లు

పుంటా అరేనస్‌లో గాలికి సెలవుండదు.
జలసంధి మీంచి లేచి
రేవులో పడవల తాళ్ళు లాగి చూసి
రేకుల షెడ్డు తలుపుని భుజంతో నెట్టి
పనిలోకి వచ్చేస్తుంది, పిలవని మేస్త్రీలా.

మొదటి రోజు నెల్దా ఒయార్సో నాకు టార్చి ఇవ్వలేదు,
చీపురిచ్చింది.
రెండో రోజు గ్రైండరిచ్చి
"ఎర్త్ క్లాంప్ పట్టే చోట రంగంతా గీకెయ్ పిల్లా,
తుప్పు మీద క్లాంపు మొహమాటపు చుట్టరికం.
పట్టుకున్నట్టే ఉంటుంది, కరెంటు దాటదు" అంది.

మూడో వారానికి గాని
సిలిండర్ దగ్గరికి రానివ్వలేదు.
గోడకి గొలుసుతో కట్టేసిన నిలువెత్తు మౌనం.
వాల్వు కాస్త తిప్పి మూస్తే
ఒక్క బుస్సు, నోట్లోని దుమ్ము ఉమ్మేసింది.
అప్పుడు రెగ్యులేటర్ బిగించాం.
గాజు గొట్టంలో చిన్న గుండు
లేచి, తూగి, తేల్చుకోలేక
పద్నాలుగు దగ్గర నిలబడింది.
నిమిషానికి పద్నాలుగు లీటర్లు.

"నూటికి ఎనభై పాళ్ళు ఆర్గాన్.
అది ఎవరితోనూ కలవదు,
కాలదు, కాల్చదు.
పురిటి మంచానికి అడ్డంపెట్టిన దుప్పటిలా
ఊరికే చుట్టూ నిలబడుతుంది.
కరిగిన ఇనుము అంత పచ్చిది మరి."

మాస్కు దించాను.
లోకం ఆరిపోయి
అరచేతిలో ఒక ఆకుపచ్చ సూర్యుడు.
"చూడకు, విను" అని వెనక నుంచి.
నూనెలో చేప వేగుతున్నట్టుంటే సరే.
టపటపా పేలుతూ వైరు చేతిని వెనక్కి తన్నితే
తిండి ఎక్కువైంది దానికి, స్పీడు తగ్గించు.

వేగుతోంది, వేగుతోంది,
ఇంతలో తలుపు సందులోంచి మేస్త్రీ వచ్చాడు.
మాస్కెత్తి చూస్తే నా అతుకంతా కళ్ళే,
పులిసిన పిండి మొహం.
కోపంతో గుండుని పాతిక దాకా లేపాను.
ఇంకా ఎక్కువ కళ్ళు!
నెల్దా నవ్వలేదు.
"తోసుకుంటూ వస్తే సుడి తిరిగి
బయటి గాలిని అదే లోపలికి లాక్కొస్తుంది.
పద్నాలుగు చాలు. వెళ్ళి టార్పాలిన్ కట్టు."

ఆ శీతాకాలం పీతల పడవ ఒకటి
ఒడ్డుకెక్కి పక్కకి ఒరిగింది.
డెక్కు మీద పనికి రాడ్లే,
ఓవెన్‌లో వెచ్చగా దాచిన రాడ్లు,
తమ దుప్పటి తామే కప్పుకుని వచ్చేవి.
లోపల అడుగున మాత్రం గ్యాసు.
నేను నిచ్చెన మీద కాలు పెట్టాను.
నా చొక్కా వెనక నుంచి పట్టుకుంది నెల్దా.
ముందు ఫ్యాను దిగింది.
తర్వాత తాడు కట్టిన మీటరు.
ఆ తర్వాత, చాలాసేపటికి, మేం.

దిగాక చెప్పింది, టార్చి నాజిల్ చిప్పలు గీకుతూ.
ఎలాదియో, తన తమ్ముడు.
ఇలాంటి పడవే. ఇలాంటి సోమవారమే.
శనివారం మూయడం మరిచిన వాల్వు.
వాసన లేదు, రంగు లేదు, గాలి కన్నా బరువు,
తడి లేని నీళ్ళలా నడుం దాకా నిండింది.
సుత్తి కోసం వంగాడు.
అంతే, వంగాడు.

"నేను దూకబోయాను.
ఒవీదియో నా చొక్కా పట్టి వెనక్కి లాగాడు.
పదకొండేళ్ళు. ఇప్పటికీ మాట్లాడను వాడితో."

ఒవీదియో మన్సీయా, అదిగో, లేతు దగ్గర,
రోజూ మా ఇద్దరికీ మాతే కాచి
గిన్నె బల్ల మీద పెట్టి వెళ్ళే ముసలాయన.
ఆమె తాగుతుంది.
గిన్నె కడిగి బోర్లిస్తుంది.

సాయంత్రం పని కట్టేసేటప్పుడు
నెల్దా వాల్వు మూస్తుంది,
టార్చి మీట నొక్కి గొట్టంలో మిగిలింది వదిలేస్తుంది.
గుండు కూలబడుతుంది, అడుక్కి.
ఆమె చేతి తొడుగులు విప్పేలోపు
ఒవీదియో వచ్చి
అదే వాల్వుని మళ్ళీ బిగించి చూస్తాడు.

ఆమె పక్కకి జరిగి చోటిస్తుంది.
బయట గాలి,
ఈ ఊళ్ళో ఎవరికీ కొరత లేని గాలి,
తలుపు కొడుతూనే ఉంటుంది.