హంసలదీవికి ముందే

మా వీధి కొళాయిలో వచ్చేది కృష్ణే.
ఇంకో రెండు మూడ్రోజులు వదిలేస్తే
హంసలదీవి దాకా పోయి
తనంతట తనే ఉప్పెక్కేది.
నేను భవానీపురంలోనే అటకాయించి
ఆర్.ఓ. మిషన్లో వడగట్టి
ఇరవై లీటర్ల బకెట్టుకి ఏడొందల గ్రాములు
తూచి కలుపుతున్నాను.

సలోమి వేలు ముంచి నాలిక్కి రాసుకుంది.
"సూర్యలంకే" అంది, మొహం చిట్లించి.
పెళ్లయిన కొత్తలో ఒక్కసారి వెళ్లాం అక్కడికి.

ఫ్రిజ్ మెకానిక్కుని, చల్లదనం తెలుసు,
ఓపిక తెలీదు.
రాళ్లు పేర్చి, పంపు తిప్పి
చేపలకోసం వెళితే
దుర్గాపురం షాపు కుర్రాడు పచ్చి రొయ్య ఒకటి చేతిలో పెట్టాడు.
"తొట్లో వేసి కుళ్లనియ్యన్నా.
ఆ కుళ్లు తినేవి కంటికి కనపడవు.
అవి పుట్టాకే చేప."

ఆరు వారాలు ఖాళీ నీళ్లకి కాపలా.
కంప్రెసర్లు తెచ్చినవాళ్లంతా అడిగేవాళ్లు, చేపలేవీ అని.
ఇల్లు ఇంకా కుళ్లుతోందండీ అనేవాణ్ణి.
గాజు గొట్టంలో చుక్కలు వేస్తే
ఆకుపచ్చ, ఆకుపచ్చ, మళ్లీ ఆకుపచ్చ.
పసుపు తేలిన రోజు
టెన్త్ పాసైనంత సంబరం నాకు,
ఎనిమిదితో ఆపేసినవాడికి.

ఎనిమోనీ సంచిలో వచ్చింది,
పిండేసిన చేతిరుమాల్లా ముడుచుకుని.
నడిమధ్య రాయి మీద, లైటు కింద,
నా కుర్చీకి ఎదురుగా పెట్టాను.
తెల్లారి చూస్తే లేదు.
కాళ్లు లేకుండా రాత్రంతా నడిచి
వెనక మూలకి పోయి పాతుకుంది.

క్లౌన్ ఫిష్షులు రెండూ దాని వంకైనా చూడలేదు.
పద్నాలుగు రోజులు
థర్మామీటర్ని కావలించుకుని పడుకున్నాయి.
"అది తమ ఇల్లని వాటికెవరూ చెప్పలేదేమో" అంది సలోమి.

మే నెల. రాత్రి రెండింటికి కరెంటు పోయింది.
ఊరి ఫ్రిజ్జులన్నీ బాగుచేసేవాణ్ణి
గడ్డకట్టిన నీళ్ల సీసాలు తొట్లో తేలేసి
గరిటెతో తిప్పుతూ కూర్చున్నాను.
సలోమి సెల్లు లైటు పట్టుకుంది.
చెయ్యి లాగినప్పుడు మార్చుకున్నాం,
గరిటె తనకి, లైటు నాకు.
హైదరాబాదు రోడ్డు మీద లారీల మోత.
ఏమీ మాట్లాడుకోలేదు.

నాలుగున్నర దాటాక
చిన్నది, మగది, మూలకి పోయి
ఆ కుట్టే వేళ్లని తోకతో తాకింది.
వెనక్కొచ్చింది.
మళ్లీ తాకింది.
ఈసారి రాలేదు.
"ష్" అంది సలోమి,
నేనేమీ అనకుండానే.

ఈ ఎండలకి తొట్టి రోజూ వేలెడు తగ్గుతుంది.
పోయేవి నీళ్లే. ఉప్పు పోదు.
తగ్గినంతా మంచినీళ్లే పోయాలి.
ఇది తెలియడానికి, వీటికంటే ముందు, ఒక చేప చచ్చింది.
దాని సంగతి పైన రాయలేదు.

ఇప్పుడు పొద్దున్నే చెంబుతో
గాజు మీద గీసిన గీత దాకా
నెమ్మదిగా వంచుతాను.
సముద్రం దగ్గర నది చేసేదీ
ఈ పనే కాబోలు.
"చాలా?" అంటుంది సలోమి.
ఇంకొంచెం.