కొసరు

కందుకూరు, పామూరు రోడ్డు.
మెట్ల కింద గ్రైండరు, ఒక స్టీలు బేసిను,
అంతే మాలకొండమ్మ కంపెనీ.

గరిటెడు పిండి పది రూపాయలు.
కవరు ముడేసే ముందు
చెయ్యి మళ్ళీ బేసిన్లోకి పోతుంది.
కొసరు.

"అది ముందే లెక్కలో ఉంటది మే"
నా ఒక్కదానికే చెప్పింది.
మినప్పప్పు మండిపోయిన నెల
రేటు మారలేదు, గరిటె మారలేదు,
కొసరు కాస్త చిక్కిపోయింది.

రోహిణి కార్తెలో కరెంటు పోయి
పిండి పొంగి పులిసిన రోజు
బేసిను మీద తడిగుడ్డ కప్పి
వచ్చినోళ్ళందరికీ "లేదు పోండి" అంది.
ఆ పూట మా వాటాలో మూడిళ్ళకీ పుల్లట్లే.

లోనిస్తాం, ఇంకో కొట్టు పెట్టమని
బ్యాంకు పిల్లోడొచ్చాడు.
"రెండో కొట్లో
కొసరు ఎవురేస్తారబ్బయా?"

వాడు జవాబు వెతుక్కునేలోపు
రెండు గరిటెలు కట్టి చేతిలో పెట్టింది.
ఇరవై తీసుకుంది.