ఊరికే ఉన్నప్పటి కరెంటు

మిర్చి యార్డు గోడకి ఆనుకుని మా రిపేరు బల్ల.
తుమ్ము ఆపుకుంటూ టంకం పెట్టడం
నేను నేర్చుకున్న మొదటి విద్య.

ఏడో నంబరు కొట్టు తేమ మీటరు మళ్ళీ వచ్చింది.
"వాడనే లేదు, పన్నెండ్రోజులకే బ్యాటరీ చచ్చింది"
అంటాడు గుమాస్తా పిచ్చేశ్వర్రావు
నేనే మింగినట్టు.

మూత విప్పాను.
స్విచ్చు ఎప్పుడో విరిగితే తీగ ముడేసి వదిలేశారు.
సూదులు ఏ కాయనీ తాకట్లేదు, ముల్లు సున్నా మీదే ఉంది.
బ్యాటరీ దారిలో మల్టీమీటరు పెడితే మాత్రం
ఒకటీ పాయింటు ఏడు మిల్లీ ఆంపియర్లు
చడీచప్పుడు లేకుండా పోతున్నాయి.

"ఇన్‌పుట్ కాళ్ళు తాగవురా,
వాసన చూసి వదిలేస్తాయి" అన్నాడు మస్తాన్‌వలీ మామ.
"తాగేది ఏడో కాలు. దించేది నాలుగో కాలు.
కబురొచ్చిన క్షణాన లేవాలంటే
లోపలి ట్రాన్సిస్టర్లు సగం మెలకువతో కూర్చోవాలి.
ఆ కూర్చున్నదానికి కూలి, అంతే."

అగ్గిపెట్టె వెనక భాగించాను:
ఐదొందలు, ఒకటీ పాయింటు ఏడు...
రెండొందల తొంభై నాలుగు గంటలు.
పన్నెండ్రోజులు! గుమాస్తా అబద్ధం చెప్పలేదు.

అప్పుడే సలోమి వచ్చింది, ఫోను ఛార్జింగుకి.
తెల్లారి ఐదున్నర నుంచీ గేటు దగ్గరే ఉంది
తొడిమలు తీసే పిలుపు కోసం.
ఇవాళ లాట్లు దిగలేదు.
ఆటోకి ఇరవై, టీకి పది,
పిల్లోణ్ణి చూసే పక్కింటామెకి నలభై.

"ఏమైంది దానికి?" అంది.
"ఏ పనీ చెయ్యకుండా బ్యాటరీ తినేస్తోంది."
"కనిపెట్టుకుని ఉండటం పని కాదా?" అంది,
నా వైపు కాదు, చిప్పు వైపు చూస్తూ.

పిచ్చేశ్వర్రావు గొంతు సవరించుకుని
బిల్లెంతవుద్దన్నాడు.

డబ్బాలో వెతికి ఇంకో చిప్పు తీశాను.
ఇది ఇరవై మైక్రోలతో బతుకుతుంది,
లెక్కకైతే మూడేళ్ళకి దగ్గర.
కాకపోతే నెమ్మది.
"మిరపకాయకేం తొందర, వెయ్యి" అన్నాడు మామ.

టంకం పొగ, మిరప ఘాటు కలిసి
ఎందుకు మండాయో కళ్ళకే తెలియాలి.

మీటరు ముల్లు దాదాపు కదలనంత కిందికి దిగాక
తలెత్తి చూస్తే పదయింది.
సలోమి ఆటోల వరస దాటేసి
చెంగు నెత్తిన కప్పుకుని
ఎండలో, గోడ నీడ ఉన్నంత మేరా గోడ పక్కనే,
మెల్లగా నడిచి పోతోంది.