చేదు తిత్తి

తెల్లారి ఐదింటికి కృష్ణలంక కట్ట కింద
ఐసు కరిగి రోడ్డు మీదికి పారుతుంటుంది.
థర్మాకోలు డబ్బా పట్టుకుని
తిరపతమ్మ కత్తిపీట ఎదురుగా గొంతుక్కూచుంటాను.
అందరికీ ముక్కలు కావాలి,
నాకు పేగులు.
"చదువుకున్నదానివి, పారేసేవి అడుగుతావేంటే"
రోజూ అదే మాట, రోజూ కొత్తగా.

బొచ్చె పొట్ట చీరాక
వేలితో తడిమి ముందు తీసేది చేదు తిత్తినే.
చిట్లిందా, కూర కూరంతా పోయినట్టే.
ఇవాళ అది గోళీకాయంత ఉంది, ముదురు పచ్చగా, బిగిసి.
"చెరువుది. రెండ్రోజుల నుంచీ మేత ఆపేశారు" అంది
లారీ వంక చూడకుండానే.
పక్కనే ఏటి చేపని కోసి చూపించింది:
పాలొంపేసిన ప్యాకెట్టులా నలిగిన తిత్తి.
"ఇది తినొచ్చింది."

మూడేళ్లుగా నేను రాస్తున్న థీసిస్
ఆవిడ బొటనవేలి గోటి కింద ఉంది.

అయినా చెప్పాను.
బొచ్చెకీ శీలావతికీ జీర్ణాశయమే లేదు.
క్లోమమూ ఒకచోట కుదురుగా ఉండదు,
కాలేయంలో కొంత, పేగు చుట్టూ కొవ్వులో కొంత,
చిరిగిన జేబులోంచి రాలిన చిల్లరలా.
ఇన్ని చోట్లకీ ఒకేసారి కబురెళ్లాలి.
తవుడూ చెక్కా పేగులోకి దిగగానే
గోడలో అక్కడొకటీ ఇక్కడొకటీ ఉన్న కణాలు
రుచి చూసి
నెత్తుట్లోకి ఒక చుక్క వదుల్తాయి.
చిరునామా లేని ఉత్తరం.
అందాల్సినవాళ్లే చదువుకుంటారు.
తిత్తి పిండుకుంటుంది.
క్లోమం కత్తులు పంపుతుంది,
ఒరలో పెట్టి మరీ.
పేగులోకొచ్చాకే వాటికి పదును,
లేకపోతే తనని తానే కోసుకోదూ!

తిరపతమ్మ చెయ్యి ఆగింది.
"మరి చాలని ఎవరు చెప్తారు?"
ఆ చుక్కే, అన్నాను. మెదడు దాకా పోయి
ఇక చాలంటుంది.
"మా ఆయన ఒంట్లో ఆ రెండో కబురు దారి తప్పింది"
పొలుసులంటిన ముంజేత్తో ముక్కు తుడుచుకుని
తనే నవ్వింది. నేను నవ్వాలో లేదో తెలీలేదు.

తొమ్మిదిన్నర. బ్యారేజీ వైపు హారన్లు.
డబ్బాలో ఇరవై పేగులు, ఒక్కోదానికీ ఒక చీటీ:
పస్తు. తిన్నది. పస్తు. పస్తు.
ఎదురు బండి మీద మొదటి వాయి పునుగులు దించారు.
వాసన ఇద్దరి దాకా వచ్చింది.
ఎవరి కడుపో గుర్రుమంది.

ఏ చీటీ అంటించాలో
కొయ్యకుండానే తెలిసిన ఒకే ఒక్క నమూనా
చేతులు కడుక్కోడానికి లేచింది.